ప్రత్తిచేనియందు శాస్త్రభాష: వినుకొండసీమ చరిత్రలో నొక ప్రకరణము

గుంటూరునకు పడమట, నల్లమల యడవులకు తూర్పున, వినుకొండ యను పురము గలదు. సీతాపహరణవార్తను శ్రీరాముడు జటాయువువలన నీ గిరియందు వినెననియు, అందుచే దీనికి విన్నకొండ యనియు, పిదప వినుకొండ యనియు పేరు కలిగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. క్రీడాభిరామమును తన పేర నిలుపుకొన్న వల్లభరాయని యింటిపేరును, ఆ గ్రంథము శ్రీనాథునిదే యను వాదమును పండితులెరుగుదురు. 1895లో జనించిన గుఱ్ఱము జాషువ కవియు నీ ప్రాంతమువాడే. సాహిత్యచరిత్రము వ్రాయువారు సాధారణముగా నీ రెండు పేళ్లను జెప్పి యూరు దాటిపోవుదురు. ఊరు దాటగనే కనబడు ప్రత్తిచేలయందును, మిరపతోటలయందును భాషాచరిత్రమున కక్కరకు వచ్చు విషయము మిక్కిలిగ నున్నది. దాని నింతవరకు విచారించినవారు తక్కువ.

ప్రకృతిశాస్త్రమును పరిశోధించువాడు తాను కనుగొనినదానిని దున్నువానికి ఏ మాటలతో జెప్పవలెను? ఆ చెప్పు విద్యను పరిశోధకుడు తన యుద్యోగారంభమున నెవరివద్ద, ఏ రీతిని నేర్చుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలును గ్రంథాలయములలో బుట్టినవి కావు. వినుకొండ, నరసరావుపేట, చిలకలూరిపేట, పరుచూరు ప్రాంతములలో పైరు పాడై, అప్పులు మిగిలి, మనుష్యులు ప్రాణములు దీసికొన్న కాలమున నివి కఠినముగా ముందుకు వచ్చినవి.

ఈ సీమ పూర్వము మెట్టసీమ. నల్లరేగడి భూములలో జొన్నయు, వరిగయు, నాటుప్రత్తియు వానను నమ్ముకొని పండెడివి. గుండ్లకమ్మ యొరసిపోయినను దాని నీరు పొలములకెక్కినది తక్కువ. 1832–33 నాటి నందనకరవు గుంటూరుసీమ నెట్లు పీడించెనో చరిత్రకారులు వ్రాసియున్నారు. 1859లో కృష్ణాజిల్లాలో చేరి, 1904లో గుంటూరుజిల్లా మరల నేర్పడగా నందు చేరి, 2022 ఏప్రిలు నుండి పల్నాడు జిల్లాలో నున్న యీ తాలూకా, పాలకులు మారినను మెట్టవ్యవసాయమును మాత్రము బహుకాలము మార్చుకొనలేదు. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరముతో నా స్థితి మారినది. కుడికాలువ నీరును, సంకరజాతి ప్రత్తివిత్తనమును, సంచులలో వచ్చు ఎరువులును, సీసాలలో వచ్చు పురుగుమందులును కొంచెమించుమించుగా నొకే తరమువారి చేతికి వచ్చినవి. తాతకు తెలియని పంటను మనుమడు పండింపవలసి వచ్చెను. పంట క్రొత్తదైనప్పుడు దానిని గూర్చిన మాటలును క్రొత్తవి కావలసియుండును. అవి యెచ్చటనుండి వచ్చినవి యనునదే యిచట విచార్యము.

1980వ దశకపు నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిపై తెల్లదోమ విజృంభించెను. ఇది నిజమునకు దోమ కాదు; ఆకు నడుగుభాగమున నంటియుండి రసము బీల్చు చిన్న రెక్కల పురుగు. దాని పిల్లలు కదలక ఆకున కతుకుకొనియుండును. అవి విసర్జించు తియ్యని జిగురుపై నల్లని బూజు పట్టి ఆకు మసిబారును. విచ్చిన దూది యంటుకొని వెల తగ్గును. శాస్త్రజ్ఞులు దీని విజృంభణమునకు కారణములను విడదీసి చూపిరి. కాయతొలుచు పురుగును జంపుటకై పైరు కాలమున పదిహేను, ఇరువది మార్లు చల్లిన క్రొత్తజాతి మందులు తెల్లదోమను దిను కీటకములను ముందుగా జంపినవి. పైనుండి చల్లిన మందు ఆకు నడుగునకు పోదు. అడుగున దాగిన పురుగు బ్రదుకును. బ్రదికిన దాని సంతానము మందును సహించునదగును. కాబట్టి మందు హెచ్చినకొలది పురుగును హెచ్చినది.

ఈ కారణపరంపర యంతయు పరిశోధనపత్రములలో వ్రాయబడినది. రైతునకు జేరినది మాత్రము వేరు. "మందు" అను మాటను తెలుగువాడు రోగమును పోగొట్టు వస్తువునకే మొదట వాడెను. పిదప తుపాకిలో నింపుదానికిని, త్రాగుదానికిని, పురుగును జంపుదానికిని, పైరునకు బలమిచ్చు ఎరువునకును అదే మాట చాలినది. మందు వేసినచో రోగము తగ్గవలెను. తగ్గనిచో మందు చాలలేదని యర్థము. ఈ తర్కమున తప్పు లేదు. తప్పు ఆ మాటను మారుపలుకు లేక యంగీకరించి, అంగడివాని చీటీకి విడిచిన విద్యావంతులది. "మందు పురుగును పెంచును" అని యొక యువశాస్త్రజ్ఞుడు ప్రత్తిచేని గట్టుపై నిలిచి చెప్పినచో వినువానికి వింతగానే యుండును. శత్రువును జంపు సైన్యమే శత్రువును పెంచునని చెప్పుటవలె నుండును. దానిని నమ్మించుటకు వాక్యము చాలదు, చూపవలెను. చూపు విద్యను మాత్రము ఆ యువకునకు నేర్పినవారు లేరు. 1987–88లో పంట పోయి, ప్రకాశము, గుంటూరు జిల్లాల ప్రత్తిరైతులు పలువు రాత్మహత్య చేసికొనిరి. అందు పెక్కురు చేతికందిన యా పురుగుమందునే త్రాగిరి. ఆ దుఃఖమునకు అప్పు, వెల, కౌలు, వాన మున్నగు కారణములు పెక్కు గలవు; భాషాదోషమే కారణమనుట యతిశయోక్తి యగును. అయినను తెలిసినవానికిని తెలియవలసినవానికిని నడుమ నున్న యెడము ఆ కారణములలో నొకటి కాదని చెప్పుటకును వీలులేదు.

ఆ యెడ మెట్లేర్పడినదో తెలియుటకు వెనుకకు పోవలెను.

తెలుగున ప్రకృతిశాస్త్రములను వ్రాయు పని పందొమ్మిదవ శతాబ్దమున మొదలైనది. వీరేశలింగము పంతులుగారు జంతుస్వభావచరిత్రమును, శరీరశాస్త్రసంగ్రహమును, జ్యోతిశ్శాస్త్రసంగ్రహమును వ్రాసిరి. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. ఆ మాలయందు ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రమును, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రమును వెలువడినవి. లక్ష్మణరావుగారు 1915లో ఆంధ్రవిజ్ఞానసర్వస్వముయొక్క ప్రథమసంపుటమును వెలువరించి, ఆ సర్వస్వము ముగియక మునుపే 1923లో కీర్తిశేషులైరి. వీరెల్లరు చేసిన పని గొప్పది. ఆమ్లజని, ఉదజని, నత్రజని వంటి మాటలను తీర్చినదీ తరమే. అందు నత్రజని యను మాట నేటికిని వ్యవసాయోద్యోగుల నోట వినబడుచున్నది. రైతు మాత్రము దానిని యూరియా యనియే పిలుచుచున్నాడు. సంచిపై నట్లే యున్నది గదా.

ఆ గ్రంథకర్తలందరును తమ పాఠకుని బడి చదివిన వానిగా నూహించుకొనిరి. ఇంగ్లీషు గ్రంథము నొకవైపునను, సంస్కృతనిఘంటువు నొకవైపునను బెట్టుకొని నడుమ తెలుగు వాక్యమును కూర్చిరి. ఇంతలో వ్యావహారికభాషావాదము వచ్చినది. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమయ్యెను; 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆధునికభాషను గూర్చి తమ విజ్ఞాపనమును ప్రకటించిరి. పాఠశాలలో నే భాష వ్రాయవలెనని యుభయపక్షములును పోరాడినవి. "చేసెను" అనవలెనా, "చేశాడు" అనవలెనా యను విషయమున కాగితములు నిండినవి. ఇరువురును మరచిన దొకటి గలదు: క్రియారూప మేదైనను, ఆకు ముడుచుకొనిన మిరపమొక్కను రైతు ఏమని పిలుచుచున్నాడో ఎవ్వరును పోయి యడుగలేదు. రామమూర్తి పంతులుగారు సవరలవద్దకు బోయి వారి భాషను నేర్చిన మహనీయుడు. ఆ చెవి తెలుగుకాపుల పొలములవైపును తిరిగియుండినచో నీ చరిత్ర మొకింత వేరుగ నుండెడిది. గ్రాంథికమే రైతునకు దూరమునకు కారణమని కొందరు సులభముగా ననుచుందురు. అది సరికాదు. పత్రికలలో వ్యావహారికము నిలచిన పిమ్మట వెలువడిన వ్యవసాయపుకరపత్రములు పెక్కింటిలో క్రియలు మాత్రము వాడుకవి, నామములు మాత్రము మునుపటికంటె కఠినములు.

ఆ యడుగవలసిన ప్రశ్న నడిగినవాడు ఒంగోలున 1928లో జనించిన భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలికవృత్తిపదకోశముయొక్క ప్రథమసంపుటమును ప్రకటించెను. దాని విషయము వ్యవసాయము. నాగలియందలి యంగములు, కాడి, బండి, దుక్కి, విత్తు, కలుపు, నూర్పిడి, కొలతలు, నేలల భేదములు మున్నగువాని కాయా జిల్లాలలో వృత్తిజనులు వాడు పేళ్లు అందు కూర్పబడినవి. 1971లో చేనేతకు రెండవ సంపుటము వచ్చెను. నిఘంటుకర్తలు పూర్వము కావ్యములను జదివి పదములను దీసిరి. ఈ పదకోశమునకు పొలమే మూలగ్రంథము, కాపే వ్యాఖ్యాత. పదములను సేకరించువాడు ముందుగా నూరకుండుట నేర్చుకొనవలెను. వస్తువును జూపి "దీని నేమందురు?" అని యడుగవలెను గాని, "దీనిని ఫలానా యందురు గదా" యని పేరు నందింపరాదు. అందించినచో వృత్తిజనుడు మర్యాదకై అవుననును. తప్పుపదము గ్రంథమున కెక్కును. భాషాశాస్త్రజ్ఞుల కీ నియమము సామాన్యము. ప్రకృతిశాస్త్రజ్ఞుల శిక్షణయందు మాత్రము దీనికి చోటు దొరకుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది.

గుంటూరునొద్ద లాములో 1922 నుండియే వ్యవసాయపరిశోధనక్షేత్ర ముండెను. 1945లో బాపట్లయందు వ్యవసాయకళాశాల నెలకొనెను. 1964లో వ్యవసాయవిశ్వవిద్యాలయ మేర్పడి, పిదప ఆచార్య రంగాగారి పేరు దాల్చి, రాష్ట్రవిభజనమునకు దరువాత లామునకే తన ప్రధానస్థానమును మార్చుకొనెను. వీనియందు బోధనభాష యింగ్లీషు. కాపుకుటుంబమునుండి వచ్చిన బాలుడు నాలుగేండ్లు చదివి తన పొలమందలి పురుగునకు లాటిను పేరు నేర్చి, తండ్రి వాడు పేరును మరచి వచ్చుట యరుదు కాదు. 1948లో విజయవాడ యాకాశవాణియు, 1969లో అన్నదాత మాసపత్రికయు వచ్చి యీ లోపమును కొంత తీర్చినవి. ఆకాశవాణి వక్త తన కెదురుగ మొగమొకటి లేకుండ మాటలాడవలసియుండును గనుక వాక్యమును చిన్నది చేయుట యచట నేర్చిన శాస్త్రజ్ఞులు కొందరు గలరు. 1975లో భారతవ్యవసాయపరిశోధనసేవ యేర్పడగా, దానియందు క్రొత్తగా చేరు పరిశోధకులకు శిక్షణ నిచ్చుటకై 1976లో హైదరాబాదునొద్ద రాజేంద్రనగరమున జాతీయసంస్థ యొకటి స్థాపింపబడెను. అచ్చట ప్రథమశిక్షణము పొందువారిని వేరువేరు శాస్త్రములవారిని కొందరిగా గూర్చి గ్రామములకు బంపుట యాచారము. నేలశాస్త్రమువాడు, కీటకశాస్త్రమువాడు, అర్థశాస్త్రమువాడు నొకే యూర నివసించి, ఊరివారిచేతనే ముగ్గుతోనో సుద్దతోనో నేలపై ఊరిపటమును గీయింతురు. ఎవరి పొలమునకు నీరెక్కునో, ఎవరి బావి యెండినదో ఆ ముగ్గులో తేటపడును. పట్టము పుచ్చుకొనిన పిమ్మట నేలపై గూరుచుండి వినుట యనేకులకు క్రొత్త.

అయితే చేనియందు చెప్పు విద్య పరిపక్వమైనది వేరొక దారిని వచ్చినది. ఆ దారి యిండోనీసియానుండి వచ్చినది. అచట 1970వ, 80వ దశకములలో వరిపై సుడిదోమ పడి పంటలు నాశనమైనవి. మందు హెచ్చినకొలది దోమ హెచ్చినదనియే అచటివారును గ్రహించిరి. 1986లో ఆ దేశప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. 1989లో జావాద్వీపమున ఐక్యరాజ్యసమితి యాహారవ్యవసాయసంస్థ తోడ్పాటుతో రైతులకు పొలమునందే పాఠశాలలు తెరచిరి. ఆ పద్ధతి భారతదేశమునకు వచ్చి, 1999 మొదలు 2004 వరకు నడచిన ప్రత్తికార్యక్రమములో నాంధ్రప్రదేశమును చేరినది. దానికి తెలుగున పెట్టిన పేరు "పొలంబడి". రెండు తెలుగుమాటలను గూర్చిన యీ సమాసమును పొలమునకు సరిగా నతికినదని పండితు లొప్పుకొనక తప్పదు. "క్షేత్రపాఠశాల" యని పెట్టియుండినచో నది కార్యాలయపు గోడపైననే నిలిచిపోయెడిది.

పొలంబడియొక్క విశేషము రైతునకు గాక బోధకునకు నేర్పు తీరున నున్నది. బోధకుడు కాదలచినవాడు ముందుగా విత్తు మొదలు తీత వరకు నొక పైరుకాలమంతయు తానే పైరు పెట్టవలెను. కీటకశాస్త్రమున పట్టభద్రుడైనను సరే, గొర్రు పట్టవలెను, కలుపు తీయవలెను. తరువాత వారమునకొకమారు రైతులతో గలిసి మొక్కలను లెక్కపెట్టి పరిశీలింపవలెను. పెద్ద కాగితముపై నడుమ మొక్క బొమ్మను, ఒకప్రక్క పైరును దిను పురుగులను, మరొకప్రక్క ఆ పురుగులను దిను పురుగులను రైతులే రంగులతో గీయుదురు. ఆ బొమ్మ నెదుట బెట్టుకొని మందు చల్లవలెనా వలదా యని వారే తర్కింతురు. రైతు యొక పురుగును దెచ్చి "ఇదేమి?" యని యడిగినచో బోధకుడు పేరు చెప్పరాదు. "ఎచ్చట దొరకినది? ఆకు పైననా, అడుగుననా? అప్పు డేమి చేయుచున్నది?" అని తిరిగి యడుగవలెను. ఇది చదువుకొన్న వానికి మిక్కిలి కష్టమైన నియమము. తెలిసిన పేరును నాలుకచివర నుంచుకొని మింగుట పండితులకును సులభము గాదు గదా.

ఇంకను సందేహమున్నచో నా పురుగును పేనుబంక పట్టిన కొమ్మతో గూడ గాజుసీసాలో వేసి, నోటికి పల్చని గుడ్డ గట్టి, మరునాటికి విడుతురు. అక్షింతలపురుగు వీపుపై నక్షింతలు చల్లినట్లు చుక్కలుండును. దాని నందమైన పురుగుగా నెరిగినవారు గలరు. పైరును దినునని చంపినవారును గలరు. మరునాడు సీసాలో పేనుబంక కనబడదు, అక్షింతలపురుగు మాత్రముండును. ఉపన్యాసమున గంటసేపు చెప్పినను నమ్మనిది, ఆ సీసాను వెలుతురునకెత్తి చూచిన క్షణమున నమ్మకమగును. "మందు పురుగును పెంచు" నను వింతవాక్యమునకు 1980వ దశకమున దొరకని భాష్యమిదే: మందు మొదట నీ సీసాలోని దానిని జంపుచున్నది. "మిత్రపురుగు" అను మాట యీ బోధకులవలననే పల్లెలలో వ్యాపించినది. సంస్కృతపదమును, తెలుగుపదమును గలసిన యీ మిశ్రసమాసమును వైయాకరణులు దుష్టమందురేమో; చేనియందు మాత్రము అది ప్రాణాధారము.

కాలగణనమునందును నిట్టి సర్దుబాటే జరుగవలసివచ్చినది. పరిశోధకుడు విత్తిన పిదప నన్ని దినములని లెక్కించును. రైతు కార్తెతో లెక్కించును. ఇరువదియేడు కార్తెలు సంవత్సరమున నిముడును గనుక నొక్కొక్కటి పదుమూడు, పదునాలుగు దినములుండును. మృగశిర జూను మొదటివారము ముగియునప్పుడు ప్రవేశించును. "మృగశిర వెళ్లినపిమ్మట" అని చెప్పినచో రైతు తేదీ చూడకయే గ్రహించును. కార్తెలను మూఢవిశ్వాసమని త్రోసివేసిన యువకులు తమకు సిద్ధముగ నున్న పంచాంగమును పారవేసికొనినవారైరి.

2002లో జన్యుమార్పిడి ప్రత్తికి అనుమతి వచ్చిన తరువాత కాయతొలుచు పురుగునకై చల్లు మందు కొంతకాలము తగ్గెను. రసము బీల్చు పురుగులు మాత్రము నిలిచినవి. గులాబిరంగుపురుగు తిరిగి వచ్చినది. వినుకొండసీమ రైతులు పెక్కురు మిరపవైపు మొగ్గిరి. భాషాప్రశ్న మిరపయందు మరింత సూక్ష్మమైనది.

మిరప ఆకు ముడుచుకొనుటను రైతు "ముడత" యనును. అంచులు పైకి లేచి దొన్నెవలె నైనచో "పైముడత". క్రిందికి వంగి తిరగవేసిన పడవవలె నైనచో "క్రిందిముడత". మొదటిది తామరపురుగువలనను, రెండవది తెల్లనల్లివలనను గలుగును. తామరపురుగునకు పనిచేయు మందు నల్లికి పనిచేయదు. నల్లి కీటకము కాదు, ఎనిమిది కాళ్లు గల సాలెపురుగు కుటుంబములోనిది. ఆకు ముడుచుకొని పసుపెక్కి మొక్క గిడసబారినచో నది తెల్లదోమ మోసికొని వచ్చు సూక్ష్మక్రిమివలనిది. దానికి మందే లేదు, మొక్కను పెరికివేయవలసినదే. ఇట్లు రైతు వాడుకలో నున్న పై, క్రింది యను రెండు చిన్నమాటలు పరిశోధనశాలలోని భూతద్దము చేయు పని చేయుచున్నవి. ఈ మాటలను గ్రహించిన శాస్త్రజ్ఞుడు దూరవాణిలోనే "ముడత పైకా, క్రిందికా?" యని యడిగి సగము రోగనిర్ణయము చేయగలడు. "పత్రసంకోచవ్యాధి" యని కరపత్రమున వ్రాసినవాడు మూడింటిని నొకే గాట గట్టినవాడగును. తామర యన్నచో పండితునకు పద్మము, వైద్యునకు చర్మరోగము, మిరపకాపునకు పురుగు. ముగ్గురును దమతమ యర్థమును విడువవలసిన పనిలేదు, ఎదుటివాని యర్థమును దెలిసికొనిన చాలును.

2021వ సంవత్సరపు చలికాలమున గుంటూరు, పల్నాడు ప్రాంతముల మిరపతోటలలో క్రొత్తజాతి తామరపురుగు పడెను. భారతదేశమున 2015లో బొప్పాయిపై మొదట కనుగొనబడిన జాతి యిది. పాతజాతి ఆకులను పట్టును. ఇది నల్లగా నుండి గుంపులుగ పూవులలో దూరి, పూత రాల్చి కాయను గట్టనీయదు. ముడత లేదు గనుక తామరపురుగు కాదని రైతు లనుకొనిరి. నల్లగానున్నది గనుక నల్లియేమో యని మరికొందరు నల్లిమందు గొనిరి. చెవికి నల్లి, నల్ల యను మాటలకు భేదము తక్కువ. ఎకరములకెకరములు పీకివేసి మరియొక పైరు పెట్టినవారు గలరు. అంగడులలో ఒకదానిపై నొకటి మందులు కలిపి చల్లుటయు 1980వ దశకమువలెనే మరల సాగెను. ఈమారు లాములోని పరిశోధకులును, విస్తరణోద్యోగులును వేగముగా తోటలకు దిగిరి. పూవును కోసి తెల్లకాగితముపై తట్టిచూడుడని చెప్పిరి. కాగితముపై నల్లనిచుక్కలు పరుగిడినచో నదియే. నీలిరంగు జిగురు అట్టలను తోటలో గట్టుడనిరి. "నల్లతామర" యను పేరు స్థిరపడుటకు కొన్ని వారములు పట్టినది. ఆ వారములలో తోటలకు బోయినవారిలో ఉద్యోగమున క్రొత్తగా జేరినవారును గలరు. వారికి తోటలోని యాడుకూలీలు చెప్పిన ఆనవాలు, పురుగు ప్రొద్దుటిపూట పూవులో నణగియుండుననునది, పుస్తకములందు వారికి దొరకినది కాదు.

1962 నాటి పదకోశమున నల్లతామర లేదు. తెల్లదోమ మున్నగు ప్రత్తిపురుగుల పేళ్లును, పైముడత, క్రిందిముడత వంటి మాటలును ఈ సీమ ననుసరించి విడిగా కూర్పబడలేదు. సాగరపుకాలువకు దరువాత పుట్టిన వ్యవసాయపదములు, మందులపేళ్లు తెలుగు నోటిలో మారిన రూపములు, కూలీల భాష, మిరపకోతలకు పొరుగుసీమలనుండి వచ్చువారి మాటలు, గుంటూరు మిరపయార్డున దళారులు కాయయొక్క రంగునకును తాలునకును వాడు పేళ్లు నేటికిని కాగితమున కెక్కవలసియున్నవి. ఇందలి యనేకపదముల నెరిగినవారు డెబ్బదియేండ్లు దాటినవారు.